ఇంట్లోనే క్రాస్‌బో నారి మార్చుకోవడం, మిగతా సంరక్షణ

క్రాస్‌బో, అంటే తుపాకిలా పట్టుకుని ట్రిగ్గర్‌తో బాణం వదిలే అడ్డ విల్లు, గురి తప్పుతోంది అనగానే అందరి చెయ్యీ గురి చూసే స్కోప్ మీదకే పోతుంది. ఒక క్లిక్కు తిప్పడం, కొట్టి చూడడం, మళ్లీ తిప్పడం. నన్నడిగితే ముందు చూడాల్సింది నారిని. వింటినారి అనండి, స్ట్రింగ్ అనండి, మొత్తం క్రాస్‌బోలో అరిగిపోవడానికే పెట్టిన భాగం అది. మిగతావి జాగ్రత్తగా చూసుకుంటే ఏళ్ల తరబడి ఉంటాయి, నారి మాత్రం ఉండదు. దాన్ని వేళకి మార్చకపోతే తెగేటప్పుడు ఊరికే తెగదు, లింబ్‌నో (వంగే విల్లు రెక్కనో) కామ్‌నో (లింబ్ చివరి చక్రాన్నో) కూడా పాడుచేసి పోతుంది.

మామూలు విల్లు నారి గాల్లోనే కదులుతుంది కాబట్టి చాలాకాలం వస్తుంది. క్రాస్‌బోలో అలా కాదు. నారి రైలు మీద, అంటే బాణం కూర్చునే గాడి ఉన్న పట్టీ మీద, రాసుకుంటూ పరిగెడుతుంది. పైగా వెనక్కి లాగే దూరం తక్కువ, చాలావాటిలో 10 నుంచి 15 అంగుళాలే. అంత చిన్న దూరంలోనే బాణానికి వేగం రావాలి కాబట్టి లింబ్‌లు చాలా గట్టిగా ఉంటాయి. వేటకి వాడే క్రాస్‌బోలు ఎక్కువగా 150 నుంచి 200 పౌండ్ల మధ్యలో ఉంటాయి, 150 పౌండ్లంటే దాదాపు 68 కిలోలు. ఆ బలమంతా ప్రతి షాట్‌కీ ఆ సన్నటి తాడు మీదే పడుతుంది, అదీ ట్రిగ్గర్ లోపలి కొక్కేలు పట్టుకునే రెండు చోట్ల ఇంకా గట్టిగా పడుతుంది. కొత్త మోడళ్లలో కొన్నిట్లో నారి రైలుకి తగలకుండా కాస్త పైన కదిలేలా చేస్తున్నారు, వాటిలో అరుగుడు తక్కువ.

మీ దగ్గరున్నది ఏ రకం?

ఇది తేలకుండా ముందుకి వెళ్లకండి. లింబ్‌ల చివర చక్రాలు లేకుండా, నారి నేరుగా లింబ్ కొసల్లోని గాట్లలో కూర్చుని ఉంటే అది రికర్వ్. దానికి స్ట్రింగర్ అనే చిన్న సాధనం ఉంటే చాలు, ఇంట్లోనే నారి మార్చుకోవచ్చు. లింబ్‌ల చివర కామ్‌లు, అంటే వంకర చక్రాలు, నారితో పాటు అడ్డంగా పోయే కేబుళ్లు కూడా ఉంటే అది కాంపౌండ్. దానికి బో ప్రెస్, అంటే లింబ్‌లని వంచి పట్టే సాధనం, కావాలి. అదీ క్రాస్‌బోకి సరిపోయే ప్రెస్ కావాలి, ఎందుకంటే క్రాస్‌బో లింబ్‌లు పొట్టిగా, గట్టిగా ఉంటాయి, మామూలు విల్లుకి వాడే ప్రెస్‌లో చాలావరకు సరిగా కూర్చోవు.

కాంపౌండ్ ఉన్నవాళ్లకి నా సలహా సూటిగా చెప్తాను: నారి మార్చే పని పనితెలిసిన టెక్నీషియన్‌కి ఇవ్వండి. నారి ఒక్కటే మార్చడం కాదు, కేబుళ్లు కూడా సెట్‌గా మార్చాలి, రెండు కామ్‌లూ ఒకే క్షణంలో తిరిగేలా టైమింగ్ సరిచెయ్యాలి. కామ్ బోల్టు ఊడదీసి, లింబ్‌ని క్లాంపులతో వంచి ఏదో చేద్దామని చూసేవాళ్లు ఉన్నారు. అక్కడ చెయ్యి జారితే వేళ్లు పోతాయి, మాటవరసకి అనడం లేదు. కాంపౌండ్‌కి ఇంట్లో చెయ్యాల్సినవి వేరే చాలా ఉన్నాయి: మైనం రాయడం, రైలు చూసుకోవడం, పరీక్షించడం. అవన్నీ కింద చెప్పినట్టే రెండు రకాలకీ ఒకటే.

చెయ్యి పెట్టే ముందు

ఎక్కుపెట్టి ఉన్న క్రాస్‌బో మీద ఏ పనీ చెయ్యకూడదు. మైనం రాయడం కూడా. ముందు దించాలి. కొన్ని మోడళ్లలో క్రాంక్ అనే పిడి తిప్పి నెమ్మదిగా దించే ఏర్పాటు ఉంటుంది, మీ మాన్యువల్‌లో దించొచ్చు అని స్పష్టంగా రాసి ఉంటేనే అలా చెయ్యండి. లేకపోతే ఒక పాత బాణం, మొనకి ప్రాక్టీస్ పాయింట్ పెట్టి, టార్గెట్‌లోకి కొట్టేసి ఖాళీ చెయ్యాలి. బాణం లేకుండా ట్రిగ్గర్ నొక్కి దించడం మాత్రం ఎప్పటికీ వద్దు. దీన్నే డ్రై ఫైర్ అంటారు. బాణంలోకి పోవాల్సిన శక్తి పోయే దారి లేక వెనక్కి తిరిగి లింబ్‌ల మీదకి, నారి మీదకి వస్తుంది. ఒక్క డ్రై ఫైర్‌తో నారి తెగొచ్చు, లింబ్ చీలొచ్చు, కామ్ వంగొచ్చు. ఏమీ కాలేదనిపించినా లోపల పగులు మొదలై ఉండొచ్చు.

మరీ తేలిక బాణం వాడినా దాదాపు ఇదే జరుగుతుంది. ప్రతి క్రాస్‌బోకి కనీసం ఇన్ని గ్రెయిన్ల (బాణం బరువుకి వాడే చిన్న కొలత) బరువున్న బాణం వాడాలని మాన్యువల్‌లో ఉంటుంది, ఆ బరువంటే బాణం, మొన, వెనక నాక్ (నారి ఆనుకునే చివరి ముక్క) అన్నీ కలిపి. నాక్ ఆకారం కూడా అంతే ముఖ్యం. బల్లపరుపుగా ఉండేది, అర్ధచంద్రాకారంలో ఉండేది, నారిని పట్టుకునేది అని రకాలున్నాయి. మీ క్రాస్‌బోకి ఏది చెప్పారో అదే. తప్పు నాక్ పెడితే నారి బాణం వెనక నిలవకుండా పైనుంచో కిందనుంచో జారిపోతుంది, అప్పుడు అది కూడా డ్రై ఫైరే.

కళ్లకి అద్దాలు పెట్టుకోండి. బాణాల మొనలు తీసేసి పక్కన పెట్టండి. మీ క్రాస్‌బో ఇప్పుడు ఎలా ఉందో ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసుకోండి, ముఖ్యంగా లింబ్ కొసల దగ్గర నారి ఏ వైపు నుంచి ఎలా చుట్టుకుందో. మొదటిసారి నేను ఆ ఫోటోలు తియ్యలేదు, తీసేశాక లూప్ (నారి కొసన ఉండే ఉచ్చు) ఏ పక్క కూర్చుందో గుర్తు రాక ఒక సాయంత్రమంతా పోయింది.

నారిని ఎలా చదవాలి

మంచి వెలుతురులో, దించి ఉన్న క్రాస్‌బోని బల్ల మీద పెట్టి, నారిని ఒక కొస నుంచి రెండో కొస దాకా చూడండి. నారి అంటే ఒకే తాడు కాదు, చాలా సన్నటి పోగులు కలిపి పురి పెట్టినది. వాటి మీద అక్కడక్కడా గట్టి దారం బిగుతుగా చుట్టి ఉంటుంది, దాన్నే సర్వింగ్ అంటారు. మధ్యలో ఉండేది సెంటర్ సర్వింగ్, రైలు మీద రాసుకునేదీ ట్రిగ్గర్ కొక్కేలకి తగిలేదీ అదే. లూపుల దగ్గర ఉండేవి ఎండ్ సర్వింగ్.

పోగుల మీద కాస్త నూగు లేచి ఉంటే భయం లేదు, మైనం తక్కువైందని అర్థం. ఒక్క పోగు తెగి ఉన్నా సరే ఆ నారితో ఇక కొట్టొద్దు. ఇరవై పోగుల్లో ఒకటేగా అనుకుంటారు, కానీ అది తెగిందంటే పక్కవాటి మీద కూడా అదే ఒత్తిడి పడి ఉంటుంది. సెంటర్ సర్వింగ్‌లో చుట్లు విడిపోయి లోపలి పోగులు కనిపిస్తుంటే, లేదా వేలితో తోస్తే సర్వింగ్ అటూ ఇటూ జరుగుతుంటే, దాన్ని మళ్లీ చుట్టించాలి లేదా నారే మార్చాలి. సర్వింగ్ అడుగు భాగం, రైలుకి ఆనుకునే వైపు, బల్లపరుపుగా మెరుస్తూ కనిపిస్తే అరుగుడు చాలా దూరం వచ్చిందన్నమాట. ఆ అడుగు వైపు చాలామంది చూడనే చూడరు, పైనుంచి బాగానే కనిపిస్తుంది కాబట్టి.

తరువాత లింబ్‌లు. ఫైబర్‌గ్లాస్ లింబ్‌ని ఒట్టి వేలితో తడమొద్దు, నూగు గుచ్చుకుంటే తియ్యడం నరకం. కొంచెం దూది తీసుకుని లింబ్ అంచుల వెంట మెల్లగా లాగండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే అక్కడ పగులో చీలికో ఉంది. అలాంటి లింబ్‌కి కొత్త నారి వేసి ప్రయోజనం లేదు. జిగురు పెట్టి అతికిద్దాం అనే ఆలోచన అసలు రానివ్వకండి, లింబ్ మార్చాల్సిందే. దూదితోనే కామ్‌ల గాడినీ, లింబ్ కొసల గాట్లనీ కూడా తుడిచి చూడండి. అక్కడ చిన్న గరుకు ఉన్నా కొత్త నారిని వారంలో కోసేస్తుంది.

మైనం, రైలు నూనె

మైనం దేనికి రాయాలో, నూనె దేనికి రాయాలో చాలామంది తారుమారు చేస్తారు. మైనం కనిపించే పోగులకి. రైలు కోసం అమ్మే లూబ్ సెంటర్ సర్వింగ్‌కీ రైలుకీ. సర్వింగ్ మీద మైనం పూస్తే లోపలికి దిగదు, పైన జిగటగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది, ఆ దుమ్ము రైలు మీద ఉప్పుకాగితంలా పనిచేస్తుంది.

మైనం కడ్డీని పోగుల మీద రెండు మూడు సార్లు రాసి, తరువాత బొటనవేలు, చూపుడువేలు మధ్య నారిని పట్టుకుని వేగంగా రుద్దండి, వేళ్లకి వేడి తెలిసేంత. ఆ వేడికి మైనం కరిగి పోగుల మధ్యకి దిగుతుంది. చిన్న తోలుముక్క ఉంటే ఇంకా మంచిది. హెయిర్ డ్రయ్యర్ పెట్టడం, లైటర్ చూపించడం లాంటి తెలివితేటలు వద్దు, ఇప్పటి నారిల్లో వాడే పోగులు చాలావరకు వేడికి తట్టుకోవు. పైన గడ్డకట్టిన మైనం మిగిలితే సన్నటి దారాన్ని నారి చుట్టూ ఒక్క చుట్టు వేసి, రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగండి, అదనంగా ఉన్నదంతా వచ్చేస్తుంది.

రైలు లూబ్ ఒక చుక్క చాలు, వేలితో పలుచగా రాసి తుడిచెయ్యాలి. ఎన్ని షాట్లకి ఒకసారి అన్నది మీ తయారీదారు చెప్పినట్టే వినండి, కొందరు రైలుకి లూబ్ అస్సలు వద్దనే అంటారు. నేను ఒకప్పుడు ఎంత రాస్తే అంత మంచిదనుకుని దండిగా పూసేవాణ్ణి. అదంతా నారితో పాటు వెనక్కి వెళ్లి ట్రిగ్గర్ లోపల చేరి, దుమ్ముతో కలిసి ముద్దయింది. ఒకరోజు ఎక్కుపెడితే కొక్కెం పూర్తిగా పట్టుకోలేదు. అదృష్టం బాగుండి తాడు నా చేతిలోనే ఉంది. ట్రిగ్గర్ గూడు విప్పి శుభ్రం చేసే పని ఇంట్లో పెట్టుకోవద్దు, బయటినుంచి పొడిగుడ్డతో, చిన్న బ్రష్‌తో దులపడం వరకే. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టకండి, అవి లోపల ఉన్న అసలు నూనెని కడిగేస్తాయి, నారి మీద పడితే మైనాన్నీ కడిగేస్తాయి.

రికర్వ్‌కి కొత్త నారి వెయ్యడం

ముందు సరైన నారి తెచ్చుకోవాలి. పొడవు, పోగుల సంఖ్య, పదార్థం, మూడూ మీ మోడల్‌కి చెప్పినవే కావాలి. డాక్రాన్ అనే రకం పోగు కాస్త సాగుతుంది, పాతకాలపు విల్లులకి అదే మేలు. ఇప్పటి క్రాస్‌బోలకి సాగుడు తక్కువగా ఉండే పోగులు వాడతారు. పాతదానికి సాగని నారి వేస్తే దెబ్బంతా లింబ్ కొసల మీద పడి అవి చీలుతాయి, కాబట్టి ఏదో ఒకటి పొడవు కుదిరింది కదా అని వెయ్యకండి.

పాత నారి తియ్యకముందే బ్రేస్ హైట్ కొలిచి రాసుకోండి. అంటే దించి ఉన్నప్పుడు నారి ఎక్కడ నిలుస్తుందో ఆ కొలత. మాన్యువల్‌లో ఏ బిందువు నుంచి కొలవమన్నారో అక్కడినుంచే, ప్రతిసారీ అదే చోటు నుంచి. మాన్యువల్ కొలతా, మీ కొలతా పక్కపక్కనే రాసుకోండి, తేడా ఉంటే పాత నారి ఎంత సాగిందో అదే చెప్తుంది.

ఇప్పుడు స్ట్రింగర్. ఇది నారి కంటే పొడవైన ఒక గట్టి తాడు, చివర్లలో లింబ్ కొసలకి తగిలించే తొడుగులో లూపులో ఉంటాయి. నారి కూర్చునే గాట్లకి అడ్డు రాకుండా అవి కొసల మీద కూర్చుంటాయి. స్టిరప్‌లో, అంటే క్రాస్‌బో ముందు కొసన కాలు పెట్టే చట్రంలో, కాలు పూర్తిగా పెట్టి, నేల మీద జారని చోట నిలబడి, స్ట్రింగర్‌ని రెండు చేతులతో సమంగా, లేదా ఎక్కుపెట్టే తాడుతో, వెనక్కి లాగాలి. లింబ్‌లు ఇంకాస్త వంగుతాయి, పాత నారి వదులవుతుంది. కొన్ని స్ట్రింగర్లని లాగి ట్రిగ్గర్ కొక్కెంలో పట్టిస్తారు, కొన్నిటిని చేత్తో పట్టుకుని ఉండగా ఇంకొకరు నారి మార్చాలి. మీది ఏ రకమో దాని కాగితం చదివి, ఒకసారి ఉత్తినే ఊహలో చేసి చూసుకుని, అప్పుడు చెయ్యండి. కొక్కెంలో పట్టించే రకమైతే సేఫ్టీ పడిందో లేదో మీరే కళ్లతో చూడండి. మామూలు నైలాన్ తాడుకి ముడులేసి స్ట్రింగర్ అనడం చేయొద్దు, ముడి జారే క్షణం ముందు ఏ చప్పుడూ రాదు.

వదులైన పాత నారి లూపులు గాట్లలోంచి తీసి, కొత్త నారి లూపులు పెట్టండి. చేతివేళ్లు లింబ్‌కీ నారికీ మధ్యలో ఉండకూడదు, మొహం లింబ్ కొసల వరసలో ఉండకూడదు. లూప్‌ని పక్కనుంచి రెండు వేళ్లతో పట్టుకుని తొడగండి. రెండు పక్కలా లూప్ గాటు అడుగుదాకా కూర్చుందా, సర్వింగ్ మెలిపడకుండా ఉందా చూశాకే స్ట్రింగర్ బిగువు తగ్గించాలి. అది కూడా గబుక్కున కాదు, కొంచెం వదిలి, ఆగి, లూపులు చూసి, మళ్లీ కొంచెం. కొక్కెంలో పట్టిన స్ట్రింగర్‌ని దించే పద్ధతి ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది, అక్కడ మాత్రం మాన్యువల్‌కి ఒక్క అక్షరం కూడా పక్కకి పోవద్దు.

పిస్తోలు ఆకారంలో ఉండే చిన్న 50, 80 పౌండ్ల క్రాస్‌బోలకి కూడా సూత్రం ఇదే. చిన్నదే కదా అని చేత్తో వంచి వేసేవాళ్లు ఉంటారు, వాటి లింబ్ మెలితిరిగి ఒక పక్కకి వంగేది అక్కడే.

పురి, మధ్య గుర్తు

కొత్త నారి వేశాక బ్రేస్ హైట్ మళ్లీ కొలవండి. చెప్పినదానికంటే తక్కువ వస్తే నారి పొడుగ్గా ఉంది, పురి ఎక్కించాలి. పురి ఎక్కితే నారి పొట్టవుతుంది, బ్రేస్ హైట్ పెరుగుతుంది. ఎక్కువ వస్తే పురి కొంచెం విప్పాలి. పురి మార్చాలంటే మళ్లీ స్ట్రింగర్ పెట్టాల్సిందే, చిరాకే కానీ తప్పదు. ఒకేసారి పది మెలికలు వెయ్యకుండా రెండు మూడు వేసి కొలవండి. నారికి అప్పటికే ఏ వైపు పురి ఉందో ఆ వైపే ఎక్కించాలి, ఎదురువైపు తిప్పితే ఉన్న పురి విప్పుకుని సర్వింగ్ వదులవుతుంది.

నారి నిలిచి ఉన్నప్పుడు రైలుకి రెండు పక్కలా, సరిగ్గా రైలు అంచు దగ్గర, సన్నటి మార్కర్‌తో రెండు గీతలు పెట్టండి. ఎక్కుపెట్టాక ఆ గీతలు రెండు పక్కలా ఒకే దూరంలో ఉండాలి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి పోయిందంటే మీరు ఒక చేత్తో ఎక్కువ లాగారు, బాణం పక్కకి పోతుంది, దానికి స్కోప్ తిప్పి లాభం లేదు. ఎక్కుపెట్టే తాడు వాడితే ఈ తేడా చాలా తగ్గుతుంది, పైగా కప్పీల వల్ల లాగాల్సిన బలం దాదాపు సగమవుతుంది.

మొదటి పది ఇరవై షాట్లలో కొత్త నారి సర్దుకుంటుంది. దగ్గరగా, ఓ 10 మీటర్ల నుంచి కొట్టండి. అయ్యాక మళ్లీ కొలిచి, అవసరమైతే పురి ఎక్కించి, అప్పుడు స్కోప్ సరిచేసుకోండి. అంతకుముందు స్కోప్ ముట్టుకుంటే రెండుసార్లు పని. కొట్టేటప్పుడు ముందు చేతి బొటనవేలు రైలు పైకి రాకుండా చూసుకోండి. ఎప్పటినుంచో కొడుతున్నవాళ్లకి కూడా వేలు తగిలేది ఇక్కడే.

చిన్న చిన్నవి

స్క్రూలు అన్నీ అలెన్ కీతో ఒకసారి చూడండి, స్టిరప్‌వీ, లింబ్‌వీ, స్కోప్ రింగులవీ. బలం ఉంది కదా అని బిగించొద్దు, మాన్యువల్‌లో చెప్పినంతే. బిగించాక స్క్రూ తల మీదుగా పక్కకి ఒక చిన్న రంగు గీత పెడితే, అది కదిలిందో లేదో తరువాత చూపుతోనే తెలుస్తుంది.

వానలో తడిస్తే పొడిగుడ్డతో తుడిచి, నీడలో గాలికి ఆరనిచ్చి, నారికి మైనం రాయండి. హీటర్ దగ్గర, ఎండలో, మూసిన కారు డిక్కీలో వదలొద్దు, వేడికి లింబ్‌లూ నారీ రెండూ పాడవుతాయి. పెట్టె లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాం ఒకటి వెయ్యండి. ఎక్కుపెట్టి దాచకూడదని వేరే చెప్పక్కర్లేదు.

కార్బన్ బాణాల్ని ప్రతిసారీ గ్లౌజులు వేసుకుని కొంచెం వంచి చూడండి. చిటపటమని చప్పుడు వస్తే దాన్ని విరిచి పడెయ్యండి. పగిలిన బాణం విడుదలయ్యేటప్పుడు ముక్కలవుతుంది, ఆ ముక్కలు మీ చేతి మీదుగానే పోతాయి.

తీసేసిన పాత నారి ఒకటి మిగిలింది కదా. ఇంకా బాగానే ఉందనిపించి అత్యవసరానికి పనికొస్తుందని పెట్టెలో దాస్తారు, ఆరు నెలల తరువాత ఏది కొత్తదో ఏది పాతదో తెలియదు. సెంటర్ సర్వింగ్ ఒక పక్క కోసి, దారం విప్పి లోపలి పోగులు చూడండి, పైకి కనిపించని అరుగుడు ఎంత ఉందో తెలుస్తుంది, ఈసారి ఎప్పుడు మార్చాలో దాన్నిబట్టి లెక్క కట్టుకోవచ్చు. చూశాక మధ్యకి కత్తిరించి పారెయ్యండి. కొత్తది వేసిన తేదీ ఒక టేపు ముక్క మీద రాసి పెట్టె మూత లోపల అంటించండి.